ఉన్న దుకాణాన్ని లేదని రాశాను

ఇన్నేళ్లుగా మోస్తున్నది పెద్ద నేరమేం కాదు. పోలీస్ స్టేషన్‌కు పోయి చెప్తే చాయ్ తాగించి పంపిస్తారు. ఉన్న దుకాణాన్ని లేదని రాశాను. అంతే. రెండుసార్లు రాశాను. మొదటిసారి బద్ధకం. రెండోసారి చేసినదాన్ని ఏమంటారో నాకింకా తెలియదు. పేరు తెలియని బరువుతో ఇదే చిక్కు, దించుదామంటే ఎక్కడ పట్టుకోవాలో దొరకదు.

నేను నలుగురినీ నవ్వించే రకం. చావింటికి పోయినా పక్కవాడు నోటికి కండువా అడ్డం పెట్టుకునేదాకా వదలను. ఇట్లాంటివాడు ఎప్పుడన్నా నిజం చెప్పబోతే, ఎదుటివాళ్లు ముందే నవ్వడానికి తయారై కూర్చుంటారు. ఒకసారి మన్సూరాబాద్ రూంలో మొదలుపెట్టాను, "నేనొకాయన బతుకు చెడగొట్టినరా" అని. "ఏం జోకు చెప్పి?" అన్నాడు నా రూమ్మేటు. ఆపేశాను. అందుకే ముఖం తెలియని మీకు చెప్తున్నాను. మీరు నవ్వినా నాకు వినపడదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. డిగ్రీ అయిపోయి ఎల్బీనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. చిన్న వ్యాపారాల పరపతి ఎట్లుందో బ్యాంకులకు రిపోర్టులిచ్చే కంపెనీ ఒకటి బొంబాయిలో ఉండేది. ఫలానా దుకాణం ఫలానా చోట ఉందా, నడుస్తోందా అని వాళ్ల తరఫున పోయి చూసి రావడం మా పని. బండి మీద తిరిగి, బోర్డు చూసి, ఇరుగుపొరుగును అడిగి రాసిచ్చేవాణ్ణి. హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నా ఏరియా. ఈ దారి మీద నేను ఉందన్నది బొంబాయి లెక్కలో ఉన్నట్టు, లేదన్నది లేనట్టు. మీసం సరిగ్గా రానివాడి చేతికి ఇంత అధికారం ఇవ్వకూడదు.

ఎన్ని దుకాణాలు చూస్తే అంత జీతం. బంద్ వచ్చిందంటే ఆ రోజు గుండుసున్నా. బంద్‌ల మీద నాకేం కోపం లేదు, జెండా పట్టుకుని నేనూ తిరిగినవాణ్ణే. కాకపోతే మర్నాడు రెండు రోజుల తిరుగుడు ఒక్క పూటలో తిరగాలి.

అట్లాంటి ఒక మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులోకి పోయాను. చూడాల్సింది ఒక ప్రింటింగ్ ప్రెస్సు. పేరులో తెనాలి ఉంది, అది యజమాని సొంతూరు. ఆయన్ని ప్రసాద్ గారు అనుకుందాం. అసలు పేరు రాసే ముఖం నాకు లేదు. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ అచ్చువేసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చేవారు. చెప్పిన చోటే ప్రెస్సుంది. షట్టర్ దించి ఉంది. పైన మాత్రం తెనాలి లేదు. "బతుకమ్మ ప్రింటర్స్" అని ఒక ఫ్లెక్స్, నాలుగు మూలలా ఇనుప వైరుతో కట్టి ఉంది.

అప్పట్లో అది మామూలే. బోర్డు మీద కోస్తా ఊరి పేరున్నవాళ్లు, ఎందుకైనా మంచిదని, దాని మీద ఇంకో పేరు కట్టేవాళ్లు. కర్రీ పాయింట్లకు కూడా తెలంగాణ పేర్లొచ్చాయి, గోంగూర పచ్చడి మాత్రం మారలేదు.

పక్కనున్న జిరాక్స్ షాపాయన్ని అడిగాను, తెనాలి వాళ్ల ప్రెస్సు ఇదేనా అని. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "గసొంటిది ఈడ లేదన్నా" అన్నాడు. ఎందుకట్లా అన్నాడో నాకు తెలుసు. ఆంధ్రాయన ఎక్కడని వెతుక్కుంటూ వచ్చే కొత్త మనిషిని ఆ రోజుల్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నల్లగొండ మనిషి, పక్క దుకాణపాయన్ని కాపాడుతున్నాననుకున్నాడు. ఆ మాటనే నేను సాక్ష్యంగా రాసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ప్రెస్సు నాకు ముందే తెలుసు. నా డిగ్రీ ప్రాజెక్టు అక్కడే బైండింగ్ చేయించుకున్నాను. కానీ ఉందని రాయాలంటే షట్టర్ ఎత్తినప్పుడు మళ్లీ రావాలి. లేదని రాస్తే పని అక్కడికక్కడే అయిపోతుంది. ఈ చిరునామాలో ఆ సంస్థ లేదు, వేరే సంస్థ నడుస్తోంది, ఇరుగుపొరుగుకు తెలియదు. ప్రతి ముక్కా చూసిందే, విన్నదే. కలిపితే అబద్ధం. ఆఫీసుకు పోయి, "తెనాలి మునిగింది, బతుకమ్మ తేలింది" అన్నాను. మా సూపర్‌వైజర్ నవ్వీ నవ్వీ చాయ్ ఒలకబోసుకున్నాడు. ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ప్రసాద్ గారు అప్పుడే కొత్త మిషన్ కోసం బ్యాంకులో లోన్ పెట్టుకున్నారు. రంగుల్లో అచ్చువేసిస్తేనే వచ్చే ఏడాది పని ఇస్తామన్నారట కోచింగ్ సెంటర్ల వాళ్లు. బ్యాంకు బొంబాయి రిపోర్టు తెప్పించింది. అందులో ఆయన ప్రెస్సే లేదు. నేనున్నాను, నా ప్రెస్సుంది, తప్పు దిద్దండి అని ఆయన బొంబాయికి రాశారు. కరెంటు బిల్లు కూడా జతచేశారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఫిర్యాదు వస్తే ఆ సమాచారం ఇచ్చినవాళ్లనే తిరిగి అడుగుతారు, మీరు రాసింది నిజమేనా అని. బొంబాయి మా ఆఫీసును అడిగింది. ఆఫీసు నన్ను అడిగింది. నా మీద కేసుకు నేనే జడ్జిని. సూపర్‌వైజర్ ఒక్క మాట అన్నాడు, "తప్పు రాసిన అని ఒప్పుకుంటే నీ ఏరియా ఇంకోనికిస్తరు, చూస్కో మరి."

పోయాను. ప్రసాద్ గారు నన్ను గుర్తుపట్టలేదు. విచారణకు మనిషొచ్చాడని సంబరపడి, కుర్చీ తన తువ్వాలుతో తుడిచి కూర్చోబెట్టారు. చాయ్ చెప్పారు. తర్వాత స్టూలెక్కి, ఫ్లెక్స్ వైర్లు విప్పి, కింది బోర్డు చూపించారు.

"చూడు బాబూ, తెనాలి. ఎక్కడికీ పోలా."

"మరి బతుకమ్మ పేరు ఎవలు పెట్టిన్రు అంకుల్?"

"మా జిరాక్సాయనే. ఏం పూలు పెడతారని ఎవడన్నా అడిగితే ఏం చెప్పను అన్నా. కూర్చోబెట్టి నేర్పాడు. తంగేడు, గునుగు."

"ఇంటర్వ్యూకు తయారైన్రన్నట్టు."

నవ్వారు. "ముందొకడొచ్చి చూశాడంట. షట్టరు చూసి పోయుంటాడు సన్నాసి. నువ్వు లోపలికొచ్చావు, కూర్చున్నావు. అదీ పద్ధతి."

"గుడ్డోన్ని పంపినట్టున్నరు అంకుల్."

ఈసారి ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. కళ్లు తుడుచుకుని అడిగారు, "మళ్లీ ఎవరన్నా వస్తారా చూడ్డానికి? వస్తారంటే బోర్డు ఇట్టాగే ఉంచేస్తా. రాళ్లు పడితే పడినయ్యి."

"అవసరం లేదంకుల్. కట్టేసుకోండ్రి. నేను చూసిన గద."

ఆయన మళ్లీ స్టూలెక్కి వైర్లు బిగిస్తుంటే, కదలకుండా స్టూలు పట్టుకున్నది నేనే.

ఆఫీసుకు వచ్చి రాశాను. మళ్లీ వెళ్లి చూడగా బోర్డు మీద వేరే పేరే ఉంది, మునుపటి రిపోర్టు సరైనదే.

ఎందుకు రాశాను? ఆంధ్రావాళ్ల మీద కోపమా? అదైతే బాగుండేది, కనీసం ఒక సిద్ధాంతమన్నా ఉండేది. కోపం లేదు. ఆయనిచ్చిన చాయ్ తాగిన నోరు అప్పటికింకా తియ్యగానే ఉంది. ఏరియా పోతుందన్న భయమా? కొంత. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది, అది చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. ఆఫీసులో నా జోకు తప్పని తేలుతుంది. తెనాలి మునగలేదని నేనే ఒప్పుకోవాలి. ఈసారి అందరూ నన్ను చూసి నవ్వుతారు. ఒక మనిషి ప్రెస్సు ఒకవైపు, నా జోకు ఒకవైపు ఉంటే, నేను జోకును కాపాడుకున్నాను.

సమాచారం సరైనదేనని నిర్ధారించుకున్నామని బొంబాయి నుంచి ఆయనకు జవాబు వచ్చింది. లోన్ రాలేదు. కోచింగ్ సెంటర్ల పని వేరేవాళ్లకు పోయింది. ఎండాకాలంలో పాత మిషన్ అమ్మేసి, ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు.

ఆ సందు మొగదల చాయ్ బండి దగ్గర దీని మీద వాదన జరుగుతుంటే నేనక్కడే ఉన్నాను. "మనకు భయపడి పోయిండు" అని ఒకాయన, కొంచెం గర్వంగా. "మీరే వెళ్లగొట్టారండీ" అని గుంటూరు నుంచి వచ్చి కిరాయికుంటున్న మాస్టారు. జిరాక్సాయన మాత్రం, "ఎంత జెప్పినా ఇనలే, నేనుంటి గద" అని తలొంచుకున్నాడు, తనవల్లే ఏదో లోపం జరిగినట్టు. ఉద్యమం చేయని తప్పు ఒకటి ఉద్యమం లెక్కలో పడిపోతోంది, నేను చాయ్ ఊదుకుంటూ చూస్తున్నాను. నువ్వేమంటవ్ తమ్మీ అని నన్నడిగారు. ఏదో అన్నాను. అందరూ నవ్వారు. ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు, జిరాక్సాయన నవ్వలేదన్నది గుర్తుంది.

రాష్ట్రం వచ్చింది. చాలాచోట్ల ఫ్లెక్సులు విప్పేశారు, కింద పాత ఊళ్ల పేర్లు బయటపడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకొంచెం ఓపిక పట్టాల్సింది ఆయన అని ఎవరో అంటే విన్నాను. ఆయనకు ఓపిక లేక కాదు.

నేనా పని మానేసి చాలా కాలమైంది. ఆ సందులో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతారు. తెనాలి పోయి ఆయన్ని వెతుకుదామని చాలాసార్లు అనుకున్నాను. బస్సెక్కలేదు. వెళ్తే అక్కడ కూడా ఏదో ఒకటని ఆయన్ని నవ్విస్తానేమో అని భయం. నవ్వితే క్షమించారనుకుని ఇంటికొచ్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

జిరాక్సాయనకన్నా చెప్పొచ్చు. అదీ చెప్పలేదు. మీకు చెప్పాను. దీనివల్ల ఎవరికీ మిషన్ రాదు, ఆ రిపోర్టు మారదు. మీరు పోనీలే అనకండి. అనిపించుకోవడానికి రాయలేదు.

ఆ ప్రెస్సు ఆ సందులోనే ఉండేది. నడుస్తుండేది. తెనాలి ప్రసాద్ గారిది.

ఇదొక్కటి రాసేసరికి ఎందుకో ఆకలవుతోంది. రూంలో నేనొక్కణ్ణే ఉన్నాను. కిందికి పోయి ఏమన్నా తినొస్తా.