జానెడు ఎత్తు పెరిగేదాకా

రెంటచింతల దగ్గర ఒక ఊరి బీడులో కొత్త గడ్డి రకాలను పరీక్షించడానికి నన్ను కాంట్రాక్టు ఉద్యోగిగా పంపారు. మూడు రకాలు వేశాం. ఒక్కో రకంలో సగం నేలను జీవాలు రోజూ మేసేట్టు వదిలేశాం. మిగతా సగానికి కంచె వేసి ముక్కలు చేశాం. ఒక ముక్క మేశాక, గడ్డి మళ్లీ జానెడు ఎత్తు పెరిగేదాకా అందులోకి మందను తోలకూడదు. ఏ రకం ఏ పద్ధతిలో నిలుస్తుందో కొలిచి రాయడం నా పని.

మంద ఒక పెద్దావిడది. భర్త పోయాక ఇరవై గొర్రెలను ఆమే మేపుకునేది. నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. మొదటిరోజు కంచె చూసి నవ్వింది.

"ఏంది సారూ, గడ్డికి కూడా గేటా?"

నవ్వినా, చెప్పిన మాట తప్పలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, ఏ ముక్కలోకి తోలమంటే అందులోకే తోలేది.

మొదటి ఎండాకాలానికి రోజూ మేసిన సగంలో మట్టి తేలింది. కంచెలో పిలకలు పచ్చగా మిగిలాయి. ఫొటోలు తీసి ఆఫీసుకు పంపాను. నా ఉద్యోగంలో నేను సంతోషపడింది ఆ ఒక్కసారే.

రెండో ఏడు వానలు పడలేదు. ఎండలు ముదిరేసరికి బయట బీడులో మేతన్నది లేదు. కంచెలో గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుంది. పిన్ని మందను గేటు దగ్గరికి తోలుకొచ్చింది.

"నాలుగు రోజులు మేపుకోనియ్ సారూ. చూడి గొర్రెలు చానా నీరసంగా ఉన్నయ్."

"జానెడు రాలేదు పిన్నీ. ఇప్పుడు మేపితే రెండేళ్ల పని పోతుంది."

"గడ్డి బతకాలా, జీవాలు బతకాలా? నువ్వే చెప్పు."

ఆఫీసుకు ఫోన్ చేశాను. పద్ధతి మార్చొద్దన్నారు. ఆ మాట చాటున దాక్కున్నాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఆ వారంలో రెండు చూడి గొర్రెలు పడిపోయాయి. ఒకదాన్ని లేపడానికి నేనూ పట్టుకున్నాను. పొట్టలో పిల్ల కదలడం చేతికి తెలిసింది. సాయంత్రానికి తల్లీ పోయింది, పిల్లా పోయింది. పిన్ని మిగతా జీవాలను ఇంటికి తోలుకుపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరో పది రోజులకు కంచెలో గడ్డీ మాడిపోయింది. లాగితే వేర్లతో సహా చేతికొచ్చింది. ఏ నోటికీ అందకుండానే పోయింది. పై అధికారి వచ్చి చూసి, పరీక్ష ఆపేయమన్నాడు. మిగిలిన మందను పిన్ని మాచర్ల నుంచి వచ్చిన వ్యాపారికి అమ్మేసింది. బండి ఎక్కించేటప్పుడు, "దారిలో నీళ్లు పెట్టు అయ్యా," అని మాత్రం అతన్ని అడిగింది.

వంతులవారీగా మేపిన చోట గడ్డి ఎక్కువ కాలం నిలిచిందని నివేదికలో రాశాను. అందులో అబద్ధం లేదు. గొర్రెల సంగతి రాయలేదు.

ఈ మధ్య మాచర్ల బస్సులో పిన్ని కనిపించింది. మిరపకోతలకు పోతోంది.

"బాగున్నావా పిన్నీ?"

"ఉన్నా సారూ."

కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. కూర్చున్నాను. రెండు ఊళ్ల తర్వాత ఆమె దిగిపోయింది.