ఒకే తెరపై మూడు పటాలు

2023 ఎండాకాలం. అప్పటికి నేను సర్వే శాఖలో చేరి పన్నెండేళ్లు. ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల పటాలు సరిచూడటం నా పని. ఏ శాఖ పటం ఆ శాఖ బీరువాలోనే ఉండిపోకుండా అందరూ పంచుకోవాలని దేశం మొత్తానికి ఒక విధానం వచ్చింది. మా దగ్గర దానికి నిధులివ్వాలో వద్దో తేల్చడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తోందన్నారు.

"ఒక్క ఊరు చూపించి ఒప్పించాలమ్మా. ఇది పోతే మళ్లీ మనవైపు చూడరు" అన్నారు మా సారు.

తొండూరు దగ్గర గొర్రెలు మేపుకునేవాళ్ల చిన్న పల్లెను ఎంచుకున్నాను. రోవర్ పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఉపగ్రహాల సంకేతాలతో హద్దుల్ని కచ్చితంగా చెప్పే పరికరం అది. గంగులమ్మ అనే పెద్దావిడ నా వెంటే నడిచి ప్రతి ఇల్లూ, ప్రతి గొర్రెల దొడ్డీ చూపించింది. పిలిచినా అంబులెన్స్ దారి తప్పి పోతుందని చెప్పింది.

ఆఫీసుకొచ్చి కంప్యూటర్లో లేయర్లు పేర్చాను. లేయరంటే ఒకదాని మీద ఒకటి పరిచే పలుచని పటం. నేను కొలిచిన పటం మీద ఆరోగ్య శాఖ పటం పరిస్తే, అందులో ఆ పల్లే లేదు. అంబులెన్స్ ఎందుకు దారి తప్పుతోందో అర్థమైంది. ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని సంబరపడ్డాను. తర్వాత రెవెన్యూ పటం పరిచాను. పల్లె మొత్తం మేత పోరంబోకులో, అంటే పశువులకు వదిలిన ప్రభుత్వ భూమిలో ఉంది. నిధులు తెచ్చే పటమే ఆ ఇళ్లను కూల్చడానికి ఆధారం కావచ్చు.

"రెవెన్యూ లేయర్ తీసెయ్. లేదా వేరే ఊరు పెట్టు" అన్నారు సారు.

తీసేస్తే ఆ ఒక్కరోజు దాగుతుంది. విధానం అమలైతే ఎవరైనా ఆ పటాలన్నీ కలిపి చూడొచ్చు. మర్నాడు పొద్దున్నే గంగులమ్మ దగ్గరికి పోయాను. ఢిల్లీ బృందం వస్తోందనీ, పల్లె పోరంబోకులో ఉన్నట్టు పటంలో తేలిందనీ చెప్పాను.

"మాకు తెలీదా పాపా? మా మామ కాలం నుంచీ తెలుసు" అంది. "పటంలో లేకుంటే అంబులెన్స్ రాదు. ఉంటే ఇండ్లు పీకుతారు. యాది మేలో నువ్వే చెప్పు."

"వేరే ఊరు చూపిస్తానవ్వా" అన్నాను.

ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి గుసగుసలాడింది. చివరికి, "చూపించు. కానీ నేనూ వస్తా. నా ఇంటి గురించి మాట్లాడతాంటే నేను ఆడ ఉండొద్దా?" అంది.

సమావేశంలో మూడు పటాలూ తెరమీద పెట్టాను. మా సారు నావైపు చూడలేదు. బృందం పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఇవన్నీ ఆక్రమణలా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పేసరికి గంగులమ్మ లేచింది.

"ఆ మాట రాసుకునే ముందు ఇది ఇనప్పా. నా కోడలు నొప్పులు పడతా రోడ్డు దాకా నడిచింది. బిడ్డ దారిలోనే పాయ. మేము శానా ఏండ్ల నుంచి ఈడే ఉండాము. మమ్మల్ని చూడాలంటే మనుషులుగా చూడండి, లేకుంటే ఆ బొమ్మ ఆర్పేయండి."

నేను వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. బిడ్డ మాట కూడా వదల్లేదు.

నిధులు వెంటనే రాలేదు. నా మూలంగానే పోయాయని ఆఫీసులో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక్క తొండూరు మండలానికి మాత్రం మంజూరయ్యాయి, ఒక షరతుతో: పటంలో తేడా కనిపించినంత మాత్రాన ఎవరినీ ఖాళీ చేయించకూడదు, ముందు ఊరికెళ్లి విచారించాలి.

పల్లె ఆరోగ్య శాఖ పటంలోకీ ఎక్కింది. ఇప్పుడు అంబులెన్స్ గంగులమ్మ వాకిట్లోకి వస్తుంది. ఇళ్ల పట్టాల విచారణ మాత్రం ఇంకా నడుస్తోంది. ఒక పల్లెను పటంలో పెట్టడమంటే మేలుకూ కీడుకూ ఒకేసారి తలుపు తీయడమని ఆ పనే నాకు నేర్పింది. అందుకే ఇప్పుడు ఏ ఊరికి పోయినా, ఆ పటాన్ని ఎవరెవరు చూస్తారో ముందు చెప్పి, వాళ్లు సరేనన్నాకే రోవర్ బయటికి తీస్తాను. వద్దన్న ఊళ్లూ ఉన్నాయి. అక్కడినుంచి ఉత్తచేతులతో వచ్చి, ఆఫీసు నివేదికలో కారణం రాసి సంతకం పెట్టాను.