కోరంగి బురదలో ఖాళీ ఎక్కడుంది?

మా మూసాపేట అపార్ట్‌మెంట్ హాల్లో ఫొటోల ప్రదర్శన పెట్టినప్పుడు నేనొక పర్ర ఫొటో తగిలించాను. పర్ర అంటే సముద్రపు పోటుకు మునిగి, పాటుకు తేలే బురద నేల. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే పై అంతస్తు కుర్రాడు చూసి, "అంకుల్, ఇంత ఖాళీ ల్యాండా! వెంచర్ వేస్తే అదిరిపోద్ది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. హైటెక్ సిటీ చుట్టుపక్కల కుంటల్ని కూడా ఇలాగే ఖాళీ అన్నారు. పూడుస్తుంటే చూసినవాణ్ని. ఇప్పుడు వాన పడితే ఆ నీళ్లు సెల్లార్లలోకి వచ్చి కూర్చుంటున్నాయి. అయితే నా ఫొటోలోనూ బురద తప్ప ఏమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రాబోయే ప్రదర్శనకు, చూసినవాడి నోట ఖాళీ అన్న మాట రాని ఫొటో ఒకటి తేవాలని కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి బయలుదేరాను.

తోడు యాదగిరి. బోరబండలో స్టూడియో అతనిది. ఏళ్ల తరబడి పాస్‌పోర్టు ఫొటోలే తీశాడు. సాయంత్రం లింగంపల్లిలో కాకినాడ బండెక్కాం. స్లీపర్ బెర్తులు ముందుగానే తీసుకోండి, చివర్లో దొరకవు. ఎదురు సీటావిడ మాకు పులిహోర పెట్టి, "బురద కోసం ఇంత దూరమా అండీ? వానాకాలం మా వీధికి రావాల్సింది," అంది.

రోజు నిర్ణయించింది నేనే. బడి చదువు లేకపోయినా పుస్తకాలతో నేర్చుకున్నవాణ్ని. అమావాస్యనాడు సముద్రం బాగా వెనక్కి పోతుందని చదివాను.

పొద్దున కాకినాడలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో కోరంగి చేరేసరికి తొమ్మిదైంది. మడ చెట్ల మధ్య వేసిన చెక్క బాట మీదికి వెళ్లి చూస్తే బురద లేదు. నిండా నీళ్లు.

"ఏందన్నా, బురద చూపిస్తనని చెరువు చూపిస్తున్నవ్?" అన్నాడు యాదగిరి.

అమావాస్యకు సముద్రం ఎంత వెనక్కి పోతుందో అంత ముందుకూ వస్తుందని, అక్కడ ఆ పొద్దున అది ముందుకొచ్చే వేళేనని నాకు తట్టనే లేదు. ఆ సంగతి రాయని పుస్తకాన్ని తిట్టాను. సాయంత్రమే తిరుగు బండి. ఫొటో దొరికితే ఆ మధ్యాహ్నమే దొరకాలి.

చేపల పులుసుతో భోంచేసి మూడింటికి మళ్లీ వెళ్లాం. నీళ్లు పోయాయి. బురద తళతళలాడుతోంది, చిల్లులు చిల్లులుగా. ఒక్క ప్రాణి లేదు. ఒక చెట్టు వేళ్లకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి కనబడింది. దాన్ని పారేసినవాడితో మొదలుపెట్టి, కుంటలు పూడ్చినవాళ్ల దాకా అందర్నీ దులిపేశాను.

"అన్నా, నీకు దండం పెడత, జర ఊకో!" అన్నాడు యాదగిరి. "తిట్టినప్పుడల్లా చేతులూపుతవ్, కాళ్లతోని దడదడ తంతవ్. ఇగ ఎండ్రకాయలు బయటికెట్లొస్తయ్?"

కెమెరా యాదగిరికిచ్చి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అంతసేపు నోరు మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు. ముందు ఒక చిల్లులోంచి తనకంటే పెద్ద ఎర్రటి డెక్క ఎత్తుకుని ఒక ఎండ్రకాయ వచ్చింది. తర్వాత పది. తర్వాత నేలంతా కదిలింది. కళ్లు నెత్తిన ఉన్న చేపలు నీళ్లు లేని బురద మీద గెంతుతున్నాయి.

యాదగిరి అలవాటు కొద్దీ గొణుగుతున్నాడు. "గడ్డం జర కిందికి... గట్లనే... కదలకు." ఎండ్రకాయ డెక్క ఎత్తి నిలబడింది. అతను నొక్కాడు. నేను చేతులు బయటికి తీసి కెమెరా అందుకునేలోపల అన్నీ చిల్లుల్లోకి మాయం.

తిరుగు బండిలో గచ్చిబౌలిలో పనిచేసే అమ్మాయి ఎదురుగా కూర్చుంది. కెమెరా చేతికిచ్చాను. అందులో నేను తీసినవి ఉత్త బురద మెరుపులే. యాదగిరి ఫొటో దగ్గర ఆగింది. "ఇక్కడొకటుంది... అయ్యో, దీని వెనకాల ఇంకొకటండీ!" సమోసాలవాడు వచ్చి పోయినా ఆమె తల ఎత్తలేదు.

యాదగిరి నా వైపు వంగాడు. "ఫొటో కింద పేరు నాదే రాయాలె."

"రాస్తాను. ప్రదర్శనలో దాని పక్కన నిలబడి మాట్లాడేది మాత్రం నేనే."

"మాట్లాడు. కానీ చూసెటోళ్లను మొదలు చూడనియ్యే," అన్నాడు.