సర్కారు ఆంబోతుకు గోపమ్మ వేసిన అచ్చు

పటేలు అరక కోసం చేతులు కట్టుకుని నిలబడటం ఎంత అవమానమో మా పెద్దమ్మ గోపమ్మను చూసి తెలుసుకున్నాను. కట్టంగూరు దగ్గర మా ఊళ్ళో ఆమెకు మూడెకరాల చెలక, రెండు ఆవులు ఉండేవి. ఎద్దుల్లేవు. మొగుడు పోయిన నాటినుంచి, ముందు పటేలు పొలంలో నడుం విరిగేలా పనిచేస్తే, తన దుక్కులన్నీ అయ్యాక ఆయన అరక పంపేవాడు. అప్పటికి పదును ఆరిపోయేది. రెండు మంచి కోడెలు పుడితే చాలు, ఆ గడప తొక్కనక్కర్లేదని ఆమె ఆశ. ఊరి గిత్తలేమో ఎముకల గూళ్ళు.

యాభై ఎనిమిదిలో బ్లాకు ఆఫీసు వాళ్ళు ఊరి ఆవులన్నిటి కోసమని కాగితం రాసి ఒంగోలు ఆంబోతును ఇచ్చారు. మేపగలిగేది పటేలేనంటూ ఆయన దొడ్లోనే కట్టేశారు. దొంగకు తాళాలిచ్చినట్టే! వారం తిరక్కుండా అది ఆయన బావి దగ్గర మోట లాగుతోంది. గోపమ్మ రెండుసార్లు ఆవును తోలుకెళ్తే, ఆంబోతు అలసిపోయిందంటూ మళ్ళీ రమ్మన్నాడు. ఎదకొచ్చిన ఆవు పటేలు తీరిక దాకా ఆగుతుందా? బ్లాకు సారుకు మొరపెట్టుకుంటే, పెద్దమనిషి అలా చేయడని ఆమెనే గదిమాడు.

మూడోసారి ఆమె ఆవును తోలుకెళ్ళలేదు. కొడవలి పట్టుకుని వాగు దగ్గరికెళ్ళింది. మధ్యాహ్నం పటేలు జీతగాడు ఐలేశం ఆంబోతును అక్కడికి నీళ్ళకు తెచ్చాడు. అతణ్ణి తాడు పట్టుకోమని, పుల్లల మంటలో కొడవలి ఎర్రగా కాల్చి, దాని తొడ మీద శివుడి త్రిశూలం వేసింది. ఐలేశం తాడు వదల్లేదు. అతనికీ ఓ ఆవుంది. అచ్చువేసి దేవుడి పేర వదిలిన ఆంబోతు మెడ మీద కాడి పెడితే వంశం నిలవదని మా వైపు నమ్మకం. సర్కారు కాగితాన్ని లెక్కచేయని పటేలు ఆ మూడు గీతలకు హడలిపోయాడు.

ఇప్పుడు మాత్రం సారు పరుగున వచ్చాడు. పుస్తకం తెరిచి, సర్కారు సొత్తును ఎందుకు కాల్చావని అందరి ముందూ ఆమెను నిలదీశాడు.

"తొడ మీద గీతలు నేనే ఏసిన సారూ, రాస్కోండ్రి. మెడ మీద కాడి పుండు గూడ ఉంది. గది ఎవలు చేసిన్రో గూడ రాయుండ్రి," అంది గోపమ్మ.

సారు పుస్తకం మూసేశాడు. ఆంబోతు ఊరంతా తిరిగింది. గోపమ్మ ఆవులు రెండూ కోడెదూడలనే ఈనాయి.

నాలుగేళ్ళకు పశువుల ప్రదర్శనలో మా ఊరి పశువులు మేలిరకమని, ఆంబోతును సాకినందుకట, పటేలుకు దండ వేశారు. గోపమ్మను పిలిచిన దిక్కులేదు. సిగ్గులేని సభ! ఒళ్ళు మండిపోతూ వచ్చి చెప్పాను. ఆమె కోడెలకు గడ్డి వేస్తూనే వింది.

"ఏసుకోనియ్ బిడ్డా. ఈ ఏడు వాన పడ్డనాడు నా చెలుకనే ముందుగాల దున్నుత."