దుప్పటి కింద గాజుపలక

కోటబొమ్మాళి దాటాక రైల్లో గంజాయి తనిఖీ మొదలైంది. నా ఒళ్లో నల్లకాగితం చుట్టిన పెట్టె ఉంది. అందులో రంగుపూత వేసిన గాజుపలక. ఒక రంగు వెలుగు పడితే, ఇంకో రంగు వెలుగును తనలోంచి పోనివ్వని పూత అది. మా ల్యాబ్‌లో ఏడాది పని; పరీక్ష కోసం ఇంకో ఊరి ల్యాబ్‌కు తీసుకెళ్తున్నాను. పగటి వెలుతురు తగిలితే నిమిషాల్లో ఆ రంగు చచ్చిపోతుంది.

"ఏటుంది అందులో? ఇప్పు," అన్నాడు కానిస్టేబుల్.

"వెలుతురు తగిలితే పాడైపోతుంది సార్."

నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆయన పెట్టె లాక్కోబోయాడు.

పక్కన కూర్చున్న ముసలమ్మ చేతుల నిండా పసుపు మరకలు. ఆమె తన దుప్పటి తీసి పెట్టె మీదా, ఆయన చేతుల మీదా కప్పేసింది.

"లోపలే తడిమి సూసుకో బాబూ. మా పసుపు బట్టలు కూడా ఎండ తగిల్తే రంగు సచ్చిపోతాది. నీడనే ఆరేస్తాం."

దుప్పటి కింద కాగితం చిరిగింది. నేను దుప్పటి అంచులు వెలుతురు దూరకుండా అదిమి పట్టుకున్నాను.

"గాజుముక్కే," అని ఆయన ముందుకెళ్లిపోయాడు.

చీపురుపల్లిలో దిగుతూ కూడా ఆమె దుప్పటి తీసుకోలేదు. "సేరేదాకా తియ్యకు," అంది.

రంగు బతికింది. ఇప్పటికీ మా ల్యాబ్ తలుపు ఎవరు తట్టినా, వెలుతురు లోపలికి రాకముందే పలక మీద కప్పడానికి నా చెయ్యి ఆ దుప్పటిని వెతుక్కుంటుంది.