తగరం ఎక్కువైన గంట

మా బడి సైన్సు సారు మిర్యాలగూడలో, కూతురింట్లో, జ్వరంతో పోయారని మొన్న బస్సు దిగిన ఒకాయన చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. నువ్వు చూశావా, ఎవరు చెప్పారు అని గుచ్చి గుచ్చి అడిగాను. సారు దగ్గర అంటుకున్న అలవాటే అది. "నేను చెప్పానని నమ్మొద్దు, వంచి చూడండి" అంటూ పిల్లల చేతికి రాగితీగ ఇచ్చేవారు.

ఆయనది కోదాడ వైపు. సూర్యాపేటకు వచ్చేనాటికి పోలీసులకో దళాలకో, ఎవరి కబురు ఎవరు ఎటు మోస్తున్నారో తెలియని రోజులు. కొత్త మనిషిని ఎవరూ ఇంట్లోకి పిలవలేదు. అదే బడిలో తెలుగు చెప్పే నేను కూడా ఆయనతో వానల గురించే మాట్లాడేవాణ్ని. సారు ఇత్తడి గ్లాసును తువ్వాలుతో పట్టుకుని ఒక్కరే చాయ్ తాగేవారు.

ఆ ఏడు బడికి గంట పోయించాం. ఊళ్లోవాళ్లు పాత రాగి బిందెలు, చెంబులు ఇచ్చారు. తగరం తానే తెచ్చుకుంటానన్నాడు గంట పోసే నేరేడుచర్ల కంచరి. వేలాడదీసి కొట్టిన రోజే గంట నిలువునా పగిలింది.

"మన రాగి మింగిండు. ఇంకేదో కలిపిండు" అన్నాడు ఊరి పటేలు. కంచరిని పట్టుకొచ్చి బడి ముందు కూర్చోబెట్టారు. ఠాణాకు పోయిన మనిషి ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేని కాలం.

సారు గంట పెంకు ఒకటి, రాగితీగ ఒకటి పట్టుకొచ్చారు. తీగ వంచారు. పెంకు మీద సుత్తితో కొడితే పుటుక్కున విరిగింది.

"రాగిలో పరమాణువులు వరసలు వరసలుగా ఉంటాయి. వాటి ఎలక్ట్రాన్లు కొన్ని ఏ ఒక్కదానికీ సొంతం కావు, అంతటా తిరుగుతుంటాయి. ఇత్తడి గ్లాసు చెయ్యి కాల్చేది కూడా అవే. అన్నిటినీ కలిపి పట్టేవీ అవే. దెబ్బ తగిలితే వరస జరుగుద్ది, పట్టు పోదు. అందుకే వంగుద్ది. తగరం పరమాణువు పెద్దది. మధ్యలో దూరితే వరసలు జరగవు. లోహం గట్టిపడుద్ది, మోత బాగుంటది. మరీ ఎక్కువైతే ఇట్లా పగులుద్ది."

"అయితే రాగి తీసి తగరం పోసిండన్నట్టే కదా" అన్నాడు పటేలు.

"తగరమే ఖరీదు, పటేలుగారూ. చవకది దొంగిలించి ఖరీదైనది ఎవరు పోస్తారు?"

కంచరి తలెత్తాడు. "మోత చివ్వెంల దాక పోవాలని జర ఎక్కువనే పోసిన సారూ."

"నీకేం ముట్టజెప్పిండు?" అని పటేలు సారునే అడిగాడు.

"నన్ను నమ్మొద్దు. మళ్లీ పోయించి కొట్టి చూడండి" అన్నారు సారు. ఇంటికెళ్లి తమ నీళ్ల బిందె తెచ్చి కంచరి ముందు పెట్టారు. పాత పెంకులు కరిగించి, తగరం పాలు తగ్గేలా ఆ రాగి కూడా కలిపి పోసిన గంట పగల్లేదు.

అయినా ఊరు శాంతించలేదు. "భయపడి దాచిన రాగి తెచ్చి పోసిండు" అన్నాడు పటేలు. కంచరి సామాను సర్దుకునేసరికి నేరేడుచర్ల బాట మొదట్లో పటేలు మనుషులు నిలబడి ఉన్నారు.

సారు కొలిమితిత్తి ఒక కొస తాను పట్టుకుని కంచరి పక్కన నడిచారు. ఆ మనుషుల దగ్గర ఆగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించారు. తమ పేర్లు తెలిసిన సాక్షి ఎదుట ఉండేసరికి వాళ్లు పక్కకు జరిగారు. ఇద్దరూ తిత్తిని చేతులు మార్చుకుని, ఎండలో తెల్లగా మెరుస్తున్న బాట వెంట మాట్లాడుకుంటూ వెళ్లారు.