ఎర్ర కారు కోసం ఆగిన ట్రైలర్

పోయిన ఆదివారం పొద్దున మా కాక చనిపోయాడు. ఆయన గురించి రాయడానికి ఇంకొన్నాళ్లు ఆగితే బాగుండేది. కానీ ఆగే వీలు లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఎల్బీనగర్‌లోని ఆయన షెడ్డును ఈ నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. లోపల ఒక చిన్న ట్రైలర్ ఉంది. అది ఎవరిదో మాకు తెలుసు. వాళ్లెక్కడున్నారో తెలియదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కాక మాకు చుట్టం కాదు. కోస్తా నుంచి వచ్చి కార్ల ఎలక్ట్రిక్ పని చేసుకునేవాడు. మేము నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ షెడ్డు వెనక గదిలో కిరాయికి దిగాం. మా అమ్మ “కాకా అని పిలువు” అంది, పిలిచాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ అయ్యాక వచ్చి షెడ్డు ముందు బల్ల మీద చదువుకునేదాన్ని.

కారు వెనక లైట్లు సరిచూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు వెనక నిలబడి చెప్పాలి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి బంద్‌లు ఎక్కువయ్యాక షెడ్డులో పని తగ్గింది, తోడుండే పనివాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కాక గోడకు పాత అద్దం ఒకటి ఆనించి, కారును దాని ముందుకు తెచ్చి, బ్రేకు తొక్కి, మెడ తిప్పి అద్దంలో చూసుకునేవాడు. ఒకరోజు అది చూడలేక పుస్తకం మూసి వెళ్లి వెనక నిలబడ్డాను.

“అమ్మాయ్, వెలిగిందా?”

“ముట్టింది కాకా!”

ఆయన ఒక్క దూకులో బయటికొచ్చి బ్యాటరీ వైరు పీకేశాడు. మా ఇంట్లో దీపమైనా పొయ్యైనా ముట్టుతుంది. ఆయన లెక్కలో ముట్టిందంటే వైరూ వైరూ తగిలి కాలిపోతున్నట్టు. సంగతి తెలిశాక కారుకు ఆనుకుని చాలాసేపు నవ్వాడు. “మీ ముట్టడం మా కొంప ముంచేదే అమ్మాయ్!”

మర్నాటి నుంచి ఆయన “ముట్టిందా?” అని అడిగేవాడు, నేను “వెలిగింది” అని చెప్పేదాన్ని. బయట ఎవరి యాస గొప్పదని గొడవ పడుతున్న రోజులవి. మేమిద్దరం మాటలు మార్చుకున్నాం, మళ్లీ వెనక్కి ఇచ్చుకోలేదు.

ఆ రోజుల్లోనే సైదాబాద్ నుంచి ఒక అన్న ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. దానికి రెండే సీట్లు.

“దీనికి ట్రాలీ తగిలేటట్టు చెయ్యాలె సార్. గానీ కొక్కెం కనవడొద్దు.”

“ఎవరికి కనపడకూడదు? పోలీసులకా?”

“మా నాయినకు.”

వాళ్ల నాన్నకు కాళ్లు పడిపోయాయి. కొడుకు కారులో కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడికి పోవాలని ఆయన కోరిక. చక్రాల కుర్చీ ఆ కారులో పట్టదు, వెనక ట్రైలర్‌లో వేసుకోవాలి. “ట్రాలీ కిరాయిదని చెప్త. కారును ఏమన్న జేసిన్నని తెలిస్తే, నా కోసం ఖరాబ్ జేసినవా బిడ్డా అని ఎక్కనే ఎక్కడు.”

కాక పనిలోకి దిగాడు. బంపర్ విప్పి, లోపల ఇనుప పట్టీ బిగించాడు. కొక్కెం పని అయ్యాక విప్పి డిక్కీలో పెట్టుకోవచ్చు. ట్రైలర్ లైట్లకు కరెంటిచ్చే సాకెట్ కూడా బంపర్ కింద మడుచుకుంటుంది. దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం నాతో చదివించుకుని, “కాగితం చెప్పింది సరే, లైటేమంటుందో చూద్దాం” అన్నాడు. ప్రతి పనికీ ఆయన అనే మాటే అది.

పక్క షెడ్డు వెల్డర్ అన్న ఉద్యమంలో తిరిగే మనిషి. ఆ పట్టీ చేసింది ఆయనే. “ఏందే గీ కొక్కెం నీ లెక్కనే ఉన్నది. ఈడనే ఉంటది గానీ ఎవ్వనికి కనవడది” అని ఎక్కిరించాడు.

“కనపడకపోతేనేం, బరువు లాగుద్ది కదయ్యా” అన్నాడు కాక.

ఆ అన్న కొని తెచ్చిన చిన్న ట్రైలర్ తగిలించి చూస్తే లైట్లన్నీ వెలిగాయి. ఆ అన్న కారు తీసుకుని, ఆదివారం గుడికి పోయేటప్పుడు ట్రైలర్ కోసం వస్తానని వెళ్లాడు. ఆదివారం రాలేదు. తర్వాత పెద్ద సమ్మె వచ్చింది, అదీ అయిపోయింది.

“ఫోన్ చేద్దామా కాకా?”

“వద్దమ్మాయ్. రాలేదంటే ఏదో అయ్యుంటుంది. మనం అడిగితే ఆ కుర్రాడు నోటితో చెప్పాల్సొస్తుంది.”

అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ట్రైలర్ మీద దుమ్ము మాత్రం తుడిచేవాడు. టైర్లలో గాలి దిగితే కొట్టేవాడు. “ఎవరికన్న అమ్మరాదే” అని వెల్డర్ అన్న అంటే, “మనది కాదుగా” అనేవాడు.

కాక పోయిన రోజు బంద్. బస్సుల్లేక ఆయన చుట్టాలు రాలేకపోయారు. పాడె మోసిన నలుగురిలో మా నాన్న ఉన్నాడు, వెల్డర్ అన్న ఉన్నాడు. అన్న దారి పొడుగునా భుజం మార్చుకోలేదు.

కాక భార్యను నేను చిన్నమ్మ అంటాను, ఇప్పుడు ఆమె తన అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చాడు. “ఆయన అట్టేపెట్టిన దాన్ని నేనెలా తోలేస్తానమ్మా” అని నన్నే అడుగుతోంది. కాక వద్దన్న పని నేను చేశాను. ఎర్ర కారు అన్నకు ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

అన్నా, ఈ పత్రిక మీ చేతికి అందితే, మీ నాన్నగారి సంగతి నేను అడగను. ట్రైలర్ కావాలో వద్దో చెప్పండి. వద్దంటే ఎవరికివ్వాలో మీరే చెప్పండి. ఈ నెల ఇరవై ఐదో తారీఖులోగా పత్రిక చిరునామాకు ఒక్క ముక్క రాయండి చాలు. మిగతా సామాను వెళ్లిపోయింది. షెడ్డు మధ్యలో అదొక్కటే ఉంది. చిన్నమ్మ రోజూ పొద్దున షట్టర్ సగం ఎత్తి, దాని పక్కనే కూర్చుని ఎదురుచూస్తోంది.